ఇంటర్ విద్యార్థులకు ఎండలో గడిపే పీరియడ్ కావాలి

సంపాదకులకు,

ఆర్యా,

రెసిడెన్షియల్ ఇంటర్ కళాశాలల్లో పిల్లల దినచర్య ఎలా ఉంటుందో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలియనివారు లేరు. తెల్లవారకముందే స్టడీ అవర్లో కూర్చునే పిల్లలు రాత్రి బాగా పొద్దుపోయాక గానీ పడుకోరు. తరగతి గది, భోజనశాల, హాస్టల్ ఒకే భవనంలో ఉన్న చోట్ల వారాల తరబడి వాళ్ల ఒంటికి ఎండ సోకదు. చదువుల ఒత్తిడి మీద ఎంతో చర్చ జరిగింది గానీ, ఈ సంగతిని పట్టించుకున్నవారు తక్కువ.

విటమిన్ డి మన అన్నంలో, పప్పులో, కూరల్లో దాదాపు ఉండదు. గుడ్డు పచ్చసొనలో, కొవ్వు ఎక్కువగా ఉండే చేపల్లో కొంత దొరుకుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలో తయారై, కాలేయంలోనూ ఆ తరవాత మూత్రపిండాల్లోనూ మార్పు చెందిన మీదట, అది పేగుల నుంచి కాల్షియంను ఒంటికి పట్టిస్తుంది. పదహారు, పదిహేడేళ్లంటే ఎముకలు ఇంకా గట్టిపడుతున్న వయసు. కేంద్ర ప్రభుత్వం 2016-18లో జరిపించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 14 శాతం మందికి విటమిన్ డి లోపం కనిపించగా, పది నుంచి పంతొమ్మిదేళ్ల వారిలో అది 24 శాతానికి చేరింది. ఆడపిల్లల సంగతి మరింత ఆలోచించవలసినది, ఎందుకంటే పుట్టబోయే బిడ్డకు ఈ విటమిన్ తల్లి నుంచే అందాలి. వాళ్ల హాస్టళ్లలోనేమో బయటికి పంపడం ఇంకా తక్కువ.

పొద్దున్నే ప్రార్థనకు నిలబెడుతున్నాం కదా అని కొన్ని యాజమాన్యాలు అనవచ్చు. సూర్యుడు ఏటవాలుగా ఉన్న వేళ ఈ కిరణాల్లో చాలాభాగం వాతావరణంలోనే ఆగిపోతుంది. కిటికీ అద్దం మిగిలినవాటినీ అడ్డుకుంటుంది. తిరుపతిలో జరిగిన పరిశోధనల్లో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఉన్న ఎండే ఇందుకు అనుకూలమని తేలింది. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఎండలో ఆ బలం ఉంటుందని గుర్తుపెట్టుకోవచ్చు. చామనఛాయ చర్మానికి తెల్లని చర్మం కంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం పిల్లల్ని ఆరుబయట నిలబెట్టమని ఎవరూ అడగరు. విద్యాసంవత్సరంలో అధికభాగం వేసవికి వెలుపలే కాబట్టి ఉదయం పదిన్నర, పదకొండు ప్రాంతంలో ఒక అరగంట దొరక్కపోదు.

ఆ అరగంటకు బదులు మాత్ర వేస్తే పోతుందనే తల్లిదండ్రులూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో రోజుకు 600 యూనిట్లు చాలని సూచించగా, మందుల దుకాణాల్లో సులువుగా దొరికే మాత్ర 60 వేల యూనిట్లది. లోపం ఉన్నవారికి వైద్యులు వారానికొకటి చొప్పున కొంతకాలం రాసే ఆ మాత్రను ఎవరికి వారు నెలల తరబడి మింగితే, అది కొవ్వులో నిలవ ఉండి, రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఎండ వల్ల ఆ ప్రమాదం లేదు. మోతాదు మించినదాన్ని చర్మమే విచ్ఛిన్నం చేస్తుంది. పైగా ఆరుబయటి వెలుతురు కళ్లకూ అవసరం. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ పెట్టగా, మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరంలో ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చినవారు 30 శాతం. మామూలు బడుల్లో దాదాపు 40 శాతం. ఈ మేలు ఏ మాత్రతోనూ రాదు.

కనుక రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులు కళాశాలలకు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు ఈ అరగంట టైమ్‌టేబుల్లో ఉందో లేదో చూడాలి, ఆకస్మిక తనిఖీల్లో అది అమలవుతోందో లేదో పిల్లలనే అడిగి తెలుసుకోవాలి. సొంత ఆటస్థలం లేని కళాశాలలకు దగ్గరలోని ప్రభుత్వ పాఠశాల మైదానాన్ని అద్దెకిచ్చే ఏర్పాటు చేయవచ్చు. హాస్టల్ వంటకు విటమిన్ ఎ, డి చేర్చినట్లు తెలిపే ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలు, నూనెలే కొనాలని షరతు పెట్టడం కూడా కష్టం కాదు. ప్రవేశాల సమయంలో ర్యాంకుల గురించి ఆరా తీసే తల్లిదండ్రులు, పిల్లలు రోజులో ఎంతసేపు ఆరుబయట ఉంటారన్న ప్రశ్న కూడా వేయాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
విజయవాడ