విమానంలో మాస్కులు కిందికి జారితే

సోంపేట, పలాస, టెక్కలి నుంచి గల్ఫ్ పనులకెళ్లే మన గ్రూపు సభ్యులు ఒక్కసారి చదవండి.

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపల గాలి ఒత్తిడిని 6,000–8,000 అడుగుల కొండ మీద ఉన్నంతగా నిలుపుతారు. అది తగ్గి దాదాపు 14,000 అడుగుల స్థాయికి వస్తే సీటు పైనుంచి ఆక్సిజన్ మాస్కులు వాటంతటవే జారతాయి. లోపల మంచు కమ్మినట్టవచ్చు, అది గాలిలోని తేమే.

మాస్కును గట్టిగా మీవైపు లాగాలి. చాలా విమానాల్లో ఆ లాగుడుకే పైనున్న రసాయన డబ్బా ఆక్సిజన్ పుట్టించడం మొదలుపెడుతుంది. కాలిన వాసన వస్తే భయపడి తీసేయకండి. మాస్కుకున్న సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. ముక్కు, నోరు రెండూ మూయాలి.

ముందు మీకు, తర్వాతే పిల్లలకి. తల్లులకు మనసొప్పదు, తెలుసు. కానీ 35,000 అడుగుల ఎత్తులో ఆక్సిజన్ అందకపోతే తెలివిగా పనిచేయగలిగేది 30–60 సెకన్లే. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరాడనట్టు అనిపించకపోవచ్చు, హాయిగా మత్తుగా ఉంటుంది, గోళ్లు నీలంగా మారతాయి. ప్రమాదమంతా అక్కడే. 2005లో గ్రీసులో హీలియోస్ 522 విమానం గాలి ఒత్తిడి స్విచ్ ఆటోమేటిక్‌కు బదులు మాన్యువల్‌లో ఉండిపోయి, ఆక్సిజన్ తగ్గి పైలట్లు స్పృహ తప్పడంతో కూలింది, 121 మంది చనిపోయారు.

డబ్బాలో ఆక్సిజన్ సుమారు 12 నిమిషాలు వస్తుంది. ఈలోగా పైలట్ 10,000 అడుగులకు వేగంగా దించుతారు. కూలిపోతున్నామనుకోకండి, ఊపిరి బిగబట్టకండి, బెల్టు విప్పకండి.