ఏసీ తర్వాత, ముందు డాబా సంగతి చూద్దాం

విశాఖపట్నం,
మే నెల, తెల్లవారుజాము

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా మోచేతి చెమటకి కాగితం అంటుకుపోతోంది. అందుకే ఈ వేళ కాకులు లేవకముందే మొదలుపెట్టాను. రోహిణీ కార్తె ఇంకా రానేలేదు, ఊరు అప్పుడే ఉడికిపోతోంది. విజయవాడ చుట్టాలు ఫోన్ చేసి "మీకేం, సముద్రం ఉంది" అంటారు. ఒక్క రాత్రి వచ్చి మా పై అంతస్తులో పడుకోమను, తెలుస్తుంది.

సీతమ్మధారలో మీ అమ్మానాన్నల గదికి రెండు టన్నుల ఏసీ చూడమన్నావు. నేను చూడను. తిట్టుకోకుండా పూర్తిగా చదువు.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వాళ్లింటికి వెళ్లాను. ఇప్పుడున్న ఏసీ పాపం ఆగకుండా తిరుగుతూనే ఉంది. స్టూలెక్కి శ్లాబుకి చెయ్యి ఆనించాను. దింపేసిన పెనంలా వెచ్చగా ఉంది. మధ్యాహ్నమంతా తాగిన ఎండని ఆ కాంక్రీటు రాత్రి పూట మెల్లగా గదిలోకి కక్కుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే నెత్తిమీదకి దిగుతుంది. దీనికి ఇంకో టన్ను ఏసీ పెట్టడమంటే, పొయ్యి ఆర్పకుండా పాలు చల్లార్చడమే.

నువ్వు షికాగోలో అటక మీదికెక్కి చేయించిన పని గురించి రాశావు చూడు, ముందు పైపుల చుట్టూ, లైట్ల చుట్టూ సందులన్నీ ఫోముతో మూసి, ఆ తర్వాతే సెల్యులోజు అనే కాగితపు పీచు నింపి, వేడిని ఆపే శక్తికి కొలతైన ఆర్ విలువని 49కి తెచ్చారని. అది చదివాక ఒక లెక్క వేసుకున్నాను. మన ఆరంగుళాల శ్లాబుకి అదే కొలతలో ఆర్ విలువ ఒకటి కూడా రాదు! రెండంగుళాల ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు బోర్డు పరిస్తే పది వస్తుంది. ఆ రెండంగుళాలకి సరితూగాలంటే రెండు మీటర్ల మందం పైగా కాంక్రీటు పోయాలి. మనవాళ్లేమో "గట్టి శ్లాబు, చల్లగా ఉంటుంది" అనుకుంటారు. గట్టిదే, కానీ వేడిని ఆపేది కాదు. మీకు చలికాలంలో లోపలి వేడి పైకి పారిపోతుందని బాధ, మాకు ఏడాదిలో ఎనిమిది నెలలు పైవేడి కిందికి దిగుతుందని బాధ. మనకి అటకంటే ఆవకాయ జాడీలూ పాత ట్రంకుపెట్టెలూ పెట్టుకునే బల్ల, అంతే. నెత్తికీ ఎండకీ మధ్య ఉన్నది ఒక్క శ్లాబే.

మా ఇంటికి పోయినేడాది రెండు విడతలుగా చేయించాను. మొదటి విడత వట్టి తెల్లరంగు. దానికే నానా అవస్థ పడ్డాం. వచ్చిన మేస్త్రీ నాచు గీకకుండా, మట్టి కడక్కుండా పూత పూసేసి పోయాడు. జూన్ మొదటి వానకే అప్పడంలా పొరలు పొరలుగా లేచింది. మళ్లీ నేనూ మా బావమరిదీ వైరు బ్రష్షులతో రెండు రోజులు గీకి, పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, అప్పుడు రెండు పూతలు వేశాం. పాత నల్లటి సిమెంటు ఎండలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది, కొత్త తెలుపు ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. అందులో మర్మం అంతే. డబ్బు లేకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి పూసినా పనిచేస్తుంది, కాకపోతే ఏటా పూయాలి. మన ఊరి దుమ్ము సంగతి తెలుసుగా, తెలుపు నెలలోనే బూడిద రంగుకి దిగుతుంది. చీపురూ నీళ్లూ తప్పవు. మా అమ్మ వడియాలు పెట్టడానికి ఎక్కి "కళ్లు పోతున్నాయిరా" అని గొడుగేసుకుని కూర్చుంది.

రెండో విడత మా పడగ్గది మీద వరకే ఎక్స్‌పీఎస్ బోర్డులు పరిచి, పైన సిమెంటూ తెల్ల టైల్సూ వేయించాను. అబద్ధమెందుకు, ఆ ఖర్చు ఒక ఏసీ ధరని దాటింది. కానీ మా బావమరిది తెచ్చిన థర్మామీటరు గన్నుతో రాత్రి చూస్తే, బోర్డులు లేని హాలు శ్లాబుకీ పడగ్గది శ్లాబుకీ ఐదారు డిగ్రీల తేడా. నీళ్లు పోయే గొట్టం వైపు వాలు మాత్రం చెడకూడదు, చెడితే డాబా చెరువే. ఒకాయన గది లోపల నుంచి థర్మోకోల్ అంటించమన్నాడు. వద్దన్నాను. నిప్పురవ్వ పడితే ఆ పొగకే ప్రాణం పోతుంది. పైగా శ్లాబు ఎండలో కాలుతూనే ఉంటుంది.

ఇక సందుల విషయం. నీ ఫోము పనికి మన దేశవాళీ పరీక్ష ఉంది, అగరొత్తి! తలుపులన్నీ వేసి, ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి, అగరొత్తిని కిటికీ అంచుల్లో నడిపించు. పొగ ఎక్కడ అడ్డంగా పరిగెడితే అక్కడ కన్నం. మీ వాళ్ల గదిలో పాత విండో ఏసీ కన్నానికి అట్టముక్క అడ్డం పెట్టి వదిలేశారు, తలుపు కింద బొద్దింకలు వరసకట్టి వచ్చేంత సందు. ఇక్కడ అసలు శత్రువు గాలిలోని తేమ. అది లోపలికి వస్తున్నంత సేపూ దాన్ని నీళ్లుగా పిండడానికే ఏసీ సగం ఆయాసపడుతుంది. మా ఇంట్లో రబ్బరు పట్టీలూ సిలికానూ వేయించాక ఏసీ గొట్టం కింద బకెట్టు నిండడానికి ముందుకంటే చాలాసేపు పడుతోంది. ఏసీ కూడా ఇప్పుడు 26 మీద పెట్టి చిన్న ఫ్యాను వేస్తే చాలు.

ఆ ఉత్సాహంలో వంటింటి వెంటిలేటరు కూడా మూసేశాను. మీ చెల్లెమ్మ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను. ఆవిడ మాటే నిజం. పొయ్యికి గాలి కావాలి, పైగా సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వెంటిలేటరు తెరిచేశాను, వంటింటి తలుపు కింద సందు కూడా అలాగే ఉంచాను. మీ ఇంట్లోనూ వంటింటి జోలికి వెళ్లను.

ఇప్పుడు అసలు చిక్కు మీ నాన్నగారు. "నలభై ఏళ్లు ఈ డాబా కిందే బతికాం, ఇప్పుడేటి కొత్తగా" అంటున్నారు. డాబా మీద ఆయన మల్లె కుండీలు ఇరవై పైనే ఉన్నాయి, అవి దించితే గానీ చీపురు పడదు. వానలు దిగేలోపు పూత ఆరాలంటే వచ్చే వారం మొదలవ్వాలి. నా మాట వినరు. నువ్వు ఫోన్ చేసి, కుండీలు నేనే మోస్తాననీ ఒక్క మొక్క కూడా చావదనీ చెప్పు. అమ్మకి మాత్రం వేరే చెప్పనక్కర్లేదు, గుమ్మం దాకా వచ్చి "ఎప్పుడు మొదలెడతావు నాయనా" అని మెల్లగా అడిగింది.

నీ
రమణ