స్వెట్ సూట్లు మా షాపులో ఎందుకు ఉండవంటే

ఎండలు ముదిరే కొద్దీ మా హనుమకొండ స్పోర్ట్స్ షాపులో ఒకే మాట వినిపిస్తోంది. "అన్నా, చెమట బాగా పట్టే సూట్ ఉందా? చెల్లె పెళ్లి వరకు ఐదు కిలోలు తగ్గాలె." అది కాకపోతే నడుముకు చుట్టుకునే స్వెట్ బెల్ట్ అడుగుతారు. మా దగ్గర లేవని చెబితే కొందరు మొహం చిన్నబుచ్చుకుని వేరే షాపుకు పోతున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఈ సరుకు మీద మంచి లాభం ఉంటుంది, ఆ సంగతి మాకూ తెలుసు. అయినా ఈ ఎండాకాలం కూడా తేవడం లేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పే వీలుండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

చెమట కారినంత మాత్రాన కొవ్వు కరగదు. ఆ సూట్ వేసుకుని పరుగెత్తి వచ్చాక కాటా మీద కిలో తగ్గినట్టు కనిపిస్తే, పోయింది ఒంట్లోని నీళ్లే. తాగితే మళ్లీ వచ్చేస్తుంది. అసలు భయం వేరే ఉంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మట్టికుండకు పాలిథీన్ కవర్ చుట్టి పెడితే నీళ్లు చల్లబడవు కదా, గాలి ఆడని సూట్‌లో ఒళ్లూ అంతే. మే నెలలో 43, 44 డిగ్రీలు చూసే ఊరు మనది. 1997 నవంబర్, డిసెంబర్‌లలో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు పోటీకి ముందు బరువు దించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలి ఆడని సూట్లు తొడుక్కుని, నీళ్లు మానేసి, వేడిలో కసరత్తు చేశారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంస్థ రెజ్లింగ్‌లో ఆ సూట్లు వాడొద్దని నిషేధం పెట్టింది. అంత కసరత్తు అలవాటున్న కుర్రాళ్లకే అలా అయితే, కొత్తగా జిమ్‌లో చేరిన తమ్ముడి చేతికి మేమెలా ఇస్తాం?

మరి ఏం వేసుకోవాలంటారా? వాకింగ్‌కు వదులుగా ఉండే లేత రంగు కాటన్ టీషర్ట్ చాలు. కొత్తది కొననక్కర్లేదు, ఇంట్లో ఉన్నదే వేసుకోండి. పరుగు, జిమ్, షటిల్ లాంటివి ఆడేవాళ్లకు మాత్రం పల్చని పాలిస్టర్ మేలు. కాటన్ చెమటను పీల్చుకుని బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది, పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. అలాగని ఆ తడి బట్టలతోనే టిఫిన్ సెంటర్‌కు, అక్కడి నుంచి ఆఫీసుకు పోవద్దు. బిగుతుగా, తడిగా ఉన్న బట్టల్లో గంటల తరబడి ఉంటే గజ్జల్లో తామర పట్టుకుంటుంది. వానాకాలంలో అయితే మరీ ఎక్కువ.

బూట్ల దగ్గర మాత్రం తొందరపెట్టకండి, మేమూ తొందరపెట్టం. సాయంత్రం రండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, అదే అసలు సైజు. మీరు రోజూ వేసుకునే సాక్స్ తెచ్చుకోండి. మా దగ్గర ముందు బూటు లోపలి అట్టను బయటికి తీసి నేల మీద పరుస్తాం, మీరు దాని మీద నిలబడాలి. చిటికెన వేలు అట్ట అంచు దాటి బయటికి వస్తే, ఆ బూటు ఎంత నచ్చినా మీకు ఇరుకే. తర్వాత రెండు కాళ్లకూ వేసుకుని నిలబడితే, పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చాలామందికి ఒక పాదం కాస్త పెద్దగా ఉంటుంది, సైజు దాన్ని బట్టే తీసుకోవాలి. "వాడగా వాడగా సాగుతుందిలే" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఇంకో మాట. పాదాల్లో స్పర్శ తగ్గితే బూటులో రాయి ఉన్నా తెలియదు. వేసుకునే ముందు ప్రతిసారీ చేయి పెట్టి లోపల తడిమి చూడండి. సాక్స్ తెల్లవి తీసుకోండి, పుండు పడి రక్తం అంటితే వెంటనే కనిపిస్తుంది. పాదం మీద చిన్న గాయమున్నా మా దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పోలీసు ఉద్యోగాలకు ప్రాక్టీస్ చేసే పిల్లలు స్పైక్స్, అంటే అడుగున ముళ్లుండే బూట్లు అడుగుతున్నారు. స్పైక్స్ ట్రాక్ కోసం చేసినవి. మన జేఎన్ స్టేడియం సింథటిక్ ట్రాక్ మీదే 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి, రన్నర్ హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తి చేసి, 2002 నుంచి చెక్కుచెదరని జాతీయ రికార్డును బద్దలు కొట్టింది. అలాంటి ట్రాక్ మీద స్పైక్స్‌కు అర్థముంది. సిమెంట్ రోడ్డు మీద వాటితో పరుగెత్తితే జారతారు, మడమ కింద మెత్త లేక పిక్కలు పట్టేస్తాయి. పోలీసు పరీక్షలో మగపిల్లల 1600 మీటర్ల పరుగుకైనా, ఆడపిల్లల 800 మీటర్ల పరుగుకైనా రోజువారీ ప్రాక్టీస్‌కు మామూలు రన్నింగ్ షూస్ సరిపోతాయి.

అక్కలు, అమ్మలు అడగడానికి మొహమాటపడే విషయం స్పోర్ట్స్ బ్రా. ట్రయల్ రూమ్ విడిగా ఉంది, ఆ కౌంటర్‌లో ఆడవాళ్లే ఉంటారు. బరువును మోసేది భుజాల పట్టీల కన్నా ఎక్కువగా కింది పట్టీ. దాని కింద రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులు ఉండొద్దు. చేతులు పైకెత్తి నాలుగుసార్లు ఎగరండి. పట్టీ పైకి జరిగితే సైజు మార్చాలి. చున్నీని సైకిల్ చైన్‌కు, ట్రెడ్‌మిల్‌కు దూరంగా ముడి వేసుకోండి. బరువులెత్తే ముందు ఉంగరాలు తీసేయండి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే లోపలికి వేసుకుంటే చాలు. భద్రకాళి బండ్ మీద చీరలో, స్లిప్పర్లతో నడిచే అమ్మలు ఎంతోమంది ఉన్నారు. చీర మీద బూట్లు బాగోవని సిగ్గుపడకండి. కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకుని బూట్లు వేసుకోండి, మోకాళ్లకు హాయిగా ఉంటుంది.

చీకటితోనే కాజీపేట రోడ్డు మీద నడిచేవాళ్లు నల్ల టీషర్ట్ వేసుకోవద్దు. లైటు పడితే మెరిసే పట్టీ ఉన్న జాకెట్లు తెప్పించాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలనిపిస్తే ఒక చెవికే పెట్టుకోండి.

ధరల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 రూపాయల లోపు బట్టలు, బూట్లపై జీఎస్టీ 5 శాతమే. వెయ్యి దాటిన బూట్లపై అంతకుముందు 18 శాతం ఉండేది. బిల్లులో చూసుకోండి, తేడా కనిపిస్తుంది. కొన్న బూట్లు ఇంట్లో బండల మీద వేసుకుని తిరిగి చూడండి. అడుగుకు మట్టి అంటనంతవరకు వారం లోపు సైజు మార్చి ఇస్తాం. బిల్లు మాత్రం పారేయకండి.