వార్షిక నివేదిక: పంపుహౌస్ తలుపులు తెరుచుకున్న ఏడాది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

పాత కట్టడాలను కాపాడే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చదవను. ఈ ఏడాది కార్యవర్గం తొమ్మిదిసార్లు కూర్చుంది. అందులో రెండుసార్లు కోరం లేక పలకరింపులతోనే లేచిపోయాం.

పాత పంపుహౌస్ సంగతి ముందుగా చెప్పేస్తాను. మిగతాది ఎవరు విన్నా వినకపోయినా ఇది మాత్రం వినండి. యంత్రాలు ఆగిపోయాక ఆ భవనం మొహం చూసినవాళ్లు లేరు. నేడో రేపో కూలుతుందని అందరూ అనేవారు. తీరా స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూస్తే గోడలు గట్టిగానే ఉన్నాయి. చెడిపోయింది కప్పు, వాననీటి గొట్టాలు. పైనుంచి కారిన నీళ్లు గోడలోకి ఇంకి, ఎప్పుడో ఎవరో పూసిన సిమెంటు గార వెనక చిక్కుకుపోయాయి. సున్నంతో కట్టిన గోడలో చెమ్మ చేరితే, అది మళ్లీ బయటికి ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. దాంతో ఉప్పు పొంగి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. ఈ సంగతి వివరించాక కూడా "ఇంకో కోటింగ్ సిమెంటు కొట్టేస్తే పోదా" అన్నవాళ్లు మనలో ఉన్నారు. పేర్లు రాయను.

అందుకే ముందు కప్పు బాగు చేయించాం, తర్వాత సిమెంటు గార ఒలిపించాం. గోడల్లో వేళ్లు దిగిన రావి మొక్కలను పట్టి లాగితే ఇటుకలూ ఊడివస్తాయి. కాబట్టి మొదలు కోసి, వేరు చచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే సందులు పూడ్చాలి. మేం అలా ఆగినన్నాళ్లూ పని మూలపడిందని ఊరంతా చెప్పుకొచ్చినవారికి కూడా ధన్యవాదాలు. ఆ మాట విని సంగతేమిటో చూద్దామని వచ్చి ముగ్గురు సభ్యులుగా చేరారు.

డంగు సున్నం (గానుగలో నూరిన సున్నపు గార) పని తెలిసిన మేస్త్రీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయనకు డెబ్బై దాటాయి. తన చేతికింద ఇద్దరు కుర్రాళ్లను పెడితేనే వస్తానన్నారు. ఆ ఇద్దరికీ ఇప్పుడు పని వచ్చింది. నన్నడిగితే భవనం కంటే ఇదే పెద్ద లాభం.

అసలు అక్కడ ఏం పెట్టాలన్నదాని మీద జరిగినంత గొడవ దేనిమీదా జరగలేదు. మొదట మ్యూజియం అనుకున్నాం. మన నెలవారీ చర్చాగోష్ఠిలో బ్రెజిల్‌లోని సావో పాలో నగరం గురించి ఒక సభ్యురాలు మాట్లాడారు. అక్కడ పాత డ్రమ్ముల ఫ్యాక్టరీని జనానికి పనికొచ్చే కేంద్రంగా మార్చే బాధ్యత లీనా బో బార్డీ అనే ఆర్కిటెక్టుకు అప్పగించారు. ఆమె ఒక శనివారం వెళ్లి చూస్తే అప్పటికే పిల్లలు, పెద్దలు ఆ షెడ్లలో ఆడుకుంటూ కనిపించారట. ఆ సందడి పోకూడదని షెడ్లను అలాగే ఉంచి పని చేశారు. 1982లో తెరిచిన ఆ కేంద్రం, పేరు సెస్క్ పొంపేయా, నేటికీ కిటకిటలాడుతుంది. అది విన్నాక మేం కూడా మూడు సాయంత్రాలు పంపుహౌస్ అరుగు దగ్గర ఊరికే కూర్చుని చూశాం. వీధిలైటు కింద పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని పిల్లలు కనిపించారు. మ్యూజియం మాట అంతటితో పోయింది. పుస్తకాల గది, సమావేశాల గది వచ్చాయి.

రెండు గదుల మధ్య అడ్డుగోడ పాత గోడకు ఎక్కడా తగలదు, తన కాళ్ల మీద తానే నిలబడింది. రేపు వద్దనుకుంటే విప్పేయవచ్చు. మరుగుదొడ్లు వెనక కొత్త కట్టడంలో ఉన్నాయి. వీల్‌చైర్ ర్యాంపు వాలు ఎక్కువైపోయి రెండోసారి కట్టాల్సి వచ్చింది. ఆ తప్పు నాది. పైనున్న పాత క్రేనును ఇనుప సామాను కింద అమ్మేయమన్నారు కానీ ఉంచాం. లోపలికొచ్చిన పిల్లలు ముందు తలెత్తి దాన్నే చూస్తారు. ప్రారంభం రోజు రిబ్బను కత్తిరించింది అక్కడే పంపు ఆపరేటరుగా రిటైరైన పెద్దాయన. కత్తెర పక్కన పెట్టేసి నేరుగా తన స్టూలు ఉండే మూలకు నడిచారు. ఆ ఫొటో గోడకు పెట్టాం.

పాత మార్కెట్ హాలును కూల్చకుండా ఆపడంలో ఓడిపోయాం. పాత కట్టడాల పరిరక్షణపై అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్‌ను మన వినతిపత్రంలో ఉదహరించాం. సమాజానికి పనికొచ్చే వాడకం ఉంటే కట్టడాన్ని కాపాడటం సులువని, అయితే ఆ వాడకం కోసం దాని అమరికను, అలంకరణను మార్చకూడదని అందులోని అయిదో అధికరణం. వినతి ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి వెళ్లింది, అక్కడి అధికారి బదిలీ అయ్యారు, కొత్తాయన ఫైలు మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఈలోగా యంత్రాలు వచ్చి రెండు రోజుల్లో నేలమట్టం చేశాయి. పారిస్‌లో కూడా 1971లో లే హాల్ మార్కెట్ మంటపాలను కూల్చాకే జనంలో కోపం రగిలింది. అదే నగరంలో హోటలు కోసం కూల్చాలనుకున్న ఓర్సే రైల్వేస్టేషన్ ఆ కోపం వల్లే బతికి, 1986లో మ్యూజియంగా తెరుచుకుంది. మనకు కోపం వచ్చింది కానీ, సంతకాల సేకరణకు వచ్చింది పదకొండు మంది. సభ్యులం రెండొందలకు పైనే ఉన్నాం.

శ్రమదానం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి ఆదివారం కెమెరాలతో నలభై మంది వచ్చారు. పావురాల రెట్ట గీకాల్సిన మూడో ఆదివారం అయిదుగురు మిగిలాం. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినంత మాత్రాన రెట్ట ఊడదు.

జమాఖర్చుల పట్టిక మీ చేతుల్లో ఉంది, ఆడిటర్ సంతకం చేశారు. కప్పు ఖర్చు అంచనా దాటింది, ఆ లోటు విరాళాలతో పూడింది. వివరాలకు కోశాధికారిని అడగండి.

ఫీజు తీసుకోకుండా నాలుగుసార్లు వచ్చిన ఇంజనీరు గారికి, మేస్త్రీ గారికి, పుస్తకాలిచ్చిన కుటుంబాలకు, వైరింగ్‌ను గోడ తవ్వకుండా పైపైనే బిగించిన ఎలక్ట్రీషియన్‌కు, నిచ్చెన అరువిచ్చి ఇంతవరకూ తిరిగి అడగని పొరుగువారికి (ఈ వారం పంపిస్తాం), ఆ అయిదుగురికి పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి పని ఒక్కటే: పంపుహౌస్‌ను రోజూ తెరవడం. వానలకు ముందు, తర్వాత కప్పు గొట్టాలు శుభ్రం చేసే మనిషి కావాలి. తలుపులు తెరిచి మూసే డ్యూటీ పట్టిక బయట బల్ల మీద ఉంది. సోమ, గురువారాలు నిండాయి, మిగతావన్నీ ఖాళీ. వెళ్లేటప్పుడు దయచేసి పేరు రాయండి. అప్పటిదాకా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

కార్యదర్శి