లైబ్రరీకి ఒక పీరియడ్ ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను కాలేజీ లైబ్రేరియన్‌ని. ఈ మధ్య డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి ఒకామె తన ప్రాజెక్టు చివర రాసుకున్న పన్నెండు వ్యాసాల జాబితా తెచ్చి, అవి వెతికిపెట్టమని అడిగింది. ఇద్దరం కూర్చుని వెతికాం. ఏడు దొరికాయి. మిగతా ఐదింటికి పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ ఉన్నాయి కానీ, అలాంటి వ్యాసాలు ఎవరూ రాయనే లేదు. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన జాబితా అది. ఆ పిల్ల మోసం చేయాలనుకోలేదు. "సరిచూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు మేడమ్" అంది. పదిహేనేళ్లు మన చేతుల్లో చదువుకున్న పిల్ల అలా అంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కావలసిన సమాచారాన్ని వెతుక్కోవడం, అది నమ్మదగ్గదో కాదో సరిచూసుకోవడం, సరిగ్గా వాడుకోవడం: దీన్నే సమాచార అక్షరాస్యత అంటారు. ఇది నిన్నా మొన్నా పుట్టిన మాట కాదు. 1974లోనే అమెరికాలో సమాచార పరిశ్రమ సంఘం అధ్యక్షుడు పాల్ జుర్కోవ్‌స్కీ దానికి ఆ పేరు పెట్టారు. యునెస్కో, అంతర్జాతీయ లైబ్రరీ సంఘాల సమాఖ్య వంటివి కలిసి ఈజిప్టులో జరిపిన సమావేశం నుంచి వచ్చిన 2005 నాటి అలెగ్జాండ్రియా ప్రకటన దాన్ని ప్రాథమిక మానవ హక్కు అంది.

ఫోన్ చేతిలో పట్టుకుని పెరిగిన పిల్లలకు మనం నేర్పేదేముందని చాలామంది అడుగుతుంటారు. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మిడిల్ స్కూల్ పిల్లల్ని పరీక్షిస్తే, 'స్పాన్సర్డ్ కంటెంట్' (డబ్బిచ్చి వేయించినది) అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా వార్తే అనుకున్నారు. మరోసారి చరిత్రకారులను, యూనివర్సిటీ విద్యార్థులను, వార్తల్లో నిజమెంతో తేల్చడమే పనిగా ఉన్న ఫ్యాక్ట్ చెకర్లను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. చక్కటి లోగో, గంభీరమైన పేరు చూసి చరిత్రలో పీహెచ్‌డీలు చేసినవాళ్లలోనూ కొందరు పొరబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీ చదువుతూ కూర్చోలేదు. వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సైట్ ఎవరిది, వీళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారు అని వెతికారు. నేను నేర్పమంటున్నది ఆ అలవాటునే. దానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు.

దయచేసి దీన్ని ఇంకో సబ్జెక్టుగా మార్చకండి. పుస్తకం వేసి పరీక్ష పెడితే పిల్లలు నిర్వచనం బట్టీ పట్టి ఊరుకుంటారు. సైన్స్‌లోనో సోషల్‌లోనో ప్రాజెక్టు ఇచ్చిన రోజే ఆ టీచరూ లైబ్రేరియనూ కలిసి నేర్పాలి. ఎక్కడెక్కడ వెతికావు, దేన్ని నమ్మలేదు, ఎందుకు వదిలేశావు అన్నవాటికీ మార్కులుండాలి. యూనివర్సిటీల్లో అయితే మొదటి అసైన్‌మెంట్‌కు ముందే ఇది జరగాలి. చదువు ఆపేసినవాళ్లకు, పెద్దవాళ్లకు పబ్లిక్ లైబ్రరీలే దిక్కు.

ఇవన్నీ జరగాలంటే లైబ్రరీలో మనిషి ఉండాలి, టైంటేబుల్‌లో చోటుండాలి. లైబ్రరీ పీరియడ్ అని రాసి ఉన్నచోట కూడా సిలబస్ వెనకబడిందంటూ ముందు తీసేసుకునేది ఆ గంటనే. వచ్చే విద్యాసంవత్సరం టైంటేబుల్ ఖరారయ్యేలోగా, ఆ పీరియడ్‌ను వేరే దేనికీ వాడకూడదని ఉత్తర్వు ఇవ్వండి. లైబ్రేరియన్ లేని స్కూళ్లలో పోస్టులు నింపండి.

ఆ అమ్మాయికి వాళ్ల లెక్చరర్ మూడు రోజులు గడువిచ్చారు. లేని ఐదు వ్యాసాలూ తీసేసి, తనే వెతికి చదివిన రెండు వ్యాసాలు చేర్చింది. మర్నాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చింది, వాళ్ల జాబితాలు కూడా చూడమని.

భవదీయురాలు,
ఒక కాలేజీ లైబ్రేరియన్