వెనకబడ్డవాడికీ ఒక గడువుంటుంది

ఒరేయ్ శీనూ,

ఇంట్లో అందరూ కులాసానా? నువ్వడిగినదానికి వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి వదిలేయబుద్ధి కాలేదు. "సర్వేల్లో నాలుగో స్థానం, మొదటి రాష్ట్రంలోనే చిత్తు. ఇలాంటివాడు ఇంకా అమెరికా అధ్యక్ష పదవికి తన పార్టీ అభ్యర్థిగా నామినేషన్ గెలుస్తాడంటావా?" అన్నావు. గెలవచ్చురా. కాకపోతే దానికో గడువుంటుంది. ఆ గడువులోపల ఐదో స్థానంలో ఉన్నవాడికీ దారి దొరుకుతుంది. అది దాటిపోయాక రెండో స్థానంలో ఉండి పెద్ద పెద్ద రాష్ట్రాలు గెలుస్తున్నవాడికీ దొరకదు.

2020లో డెమొక్రటిక్ పార్టీ నామినేషన్‌కి పోటీపడ్డ బైడెన్‌నే చూడు. ఫిబ్రవరి 3న అయోవాలో నాలుగో స్థానం. 11న న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం, 8.4 శాతం ఓట్లు. అక్కడి 24 మంది డెలిగేట్లలో (పార్టీ జాతీయ సభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) ప్రత్యర్థులైన శాండర్స్‌కి 9, బుటిజెజ్‌కి 9, క్లోబుచర్‌కి 6, బైడెన్‌కి సున్నా. డెమొక్రాట్లలో 15 శాతం అందుకోకపోతే ఏమీ రాదు మరి. ఆ రాత్రి ఫలితాలు వచ్చేదాకా కూడా ఆగకుండా ఆయన సౌత్ కరోలినా వెళ్లిపోయాడు. చూసేవాళ్లకి పారిపోతున్నట్టే ఉంటుంది, కానీ నా దృష్టిలో ఆ నెలలో ఆయన చేసిన మంచి పని అదే. అయోవా, న్యూహాంప్‌షైర్ ఓటర్లలో తెల్లవాళ్లే ఎక్కువ. సౌత్ కరోలినా డెమొక్రటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎవరన్నదానిపై రాష్ట్రంలో జరిగే ఓటింగ్) సగానికి పైగా నల్లజాతి ఓటర్లు, వాళ్లలోనే ఆయనకి గట్టి పట్టుంది. మధ్యలో నెవాడాలో రెండో స్థానం తెచ్చుకుని ఊపిరి నిలబెట్టుకున్నాడు. 26న సౌత్ కరోలినాకి చెందిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించాడు. 29న అక్కడ ఓటింగ్ జరిగితే బైడెన్‌కి దాదాపు 49 శాతం, శాండర్స్‌కి 20. డెలిగేట్లు 39, 15.

అందరూ ఇక్కడితో కథ చెప్పడం ఆపేస్తారు. అసలు మలుపు ఆ తర్వాతి మూడు రోజుల్లో ఉంది. మార్చి 1న బుటిజెజ్ తప్పుకున్నాడు, 2న క్లోబుచర్. ఇద్దరూ అదే రోజు మీ డాలస్‌కే వచ్చి బైడెన్‌కి మద్దతు చెప్పారు. మర్నాడు సూపర్ ట్యూస్‌డే, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే రోజు. 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. క్లోబుచర్ సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా ఆయనకే వచ్చింది. మీ టెక్సస్‌లో శాండర్స్‌తో తేడా ఐదు శాతం లోపే, సుమారు 34.6కి 29.9. వాళ్లిద్దరూ ఇంకో వారం పట్టుబట్టి ఉంటే ఒకే తరహా ఓటు మూడు ముక్కలయ్యేది. ఎవరికి వాళ్లు 15 శాతానికి కిందా మీదా పడుతుంటే శాండర్స్ డెలిగేట్లు పోగేసుకుంటూ పోయేవాడు. అందుకే వెనకబడ్డవాడి గురించి అడిగేటప్పుడు వాడి బలం ఒక్కటే చూడకు. వాడి ఓటర్లనే పంచుకుంటున్నవాళ్లు ఎంతమంది, వాళ్లు ఎప్పుడు తప్పుకుంటారు అన్నది కూడా చూడు.

ఎప్పుడు తప్పుకుంటారంటే, డబ్బయిపోయినప్పుడు. ఓటమి కంటే ముందు ఖాళీ ఖాతాయే చాలామందిని ఇంటికి పంపిస్తుంది. ఎఫ్‌ఈసీకి, అంటే ఎన్నికల డబ్బు లెక్కలు చూసే ఫెడరల్ సంస్థకి, అభ్యర్థులు ఇచ్చే లెక్కలు ఎవరైనా చూడొచ్చు. ఎన్నికల ముందు ఏడాది మూడు నెలలకోసారి వేసేవాళ్లు ఏప్రిల్, జులై, అక్టోబర్ 15కల్లా వేయాలి, ఎన్నికల ఏడాదిలో అయితే నెలనెలా 20కల్లా. వసూలు ఎంతన్నది పత్రికల వాళ్లు రాస్తారు, నువ్వు మాత్రం చేతిలో మిగిలినదెంత, అప్పెంత అన్నవి చూడు. చేతిలో ఉన్నదాంట్లోనూ సాధారణ ఎన్నికకని ఇచ్చిన చందా ప్రైమరీలో ఖర్చు పెట్టకూడదు, దాన్ని తీసేసి లెక్కేసుకో. 2020లో ఒక మనిషి ప్రైమరీకి ఇవ్వగలిగింది 2,800 డాలర్లు. పెద్దవాళ్ల దగ్గర ఆ పరిమితి దాకా తీసేసుకున్న అభ్యర్థి, కష్టం వచ్చినప్పుడు మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లలేడు. పాతికా యాభై డాలర్లిచ్చే జనం ఉన్నవాడు వెళ్లగలడు. సూపర్ ప్యాక్ (అభ్యర్థి ప్రచారంతో సంబంధం లేకుండా, పరిమితి లేని చందాలు తీసుకుని ఖర్చు పెట్టే సంఘం) ఉందిగా అంటావేమో. ప్రైమరీకి ముందు 45 రోజులు టీవీ ప్రకటనలకి అతి తక్కువ రేటు అభ్యర్థికే ఇవ్వాలని చట్టం. సూపర్ ప్యాక్ అదే ప్రకటనకి ఎక్కువ కట్టుకుంటుంది. పైగా ప్రచార సిబ్బంది జీతాలు దాని ఖాతాలోంచి ఇవ్వడానికి వీల్లేదు.

డబ్బయిపోయినా బతికినవాడు 2008 రిపబ్లికన్ పోటీలో మెక్‌కెయిన్. 2007 ఏప్రిల్ నుంచి జూన్ దాకా సుమారు కోటీ 12 లక్షల డాలర్లు వసూలు చేశాడు. చేతిలో మిగిలింది 20 లక్షలో ఎంతో. జులైలో ప్రచార మేనేజరు, ముఖ్య వ్యూహకర్త ఇద్దరూ వెళ్లిపోయారు. ఆయన సిబ్బందిని బాగా తగ్గించి, బ్యాంకు అప్పు తెచ్చి, న్యూహాంప్‌షైర్ ఊళ్లలో ప్రజలతో ముఖాముఖి సభలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. 2000లో తను గెలిచిన రాష్ట్రం అది, ఏ పార్టీ పేరూ రాయించుకోని ఓటర్లు ఏ ప్రైమరీలోనైనా ఓటేయగల రాష్ట్రం. 2008 జనవరి 8న 37 శాతంతో గెలిచాడు. మరి అదే పోటీలో ఉన్న జూలియాని? 2007లో చాలాకాలం జాతీయ సర్వేల్లో ఆయనే ముందు. ముందు రాష్ట్రాలన్నీ దాదాపు వదిలేసుకుని ఫ్లోరిడా కోసం జనవరి 29 దాకా ఆగాడు. 15 శాతంతో మూడో స్థానం వచ్చింది, మర్నాడే తప్పుకున్నాడు. తన రాష్ట్రం కోసం కాచుకోవడం తప్పు కాదు, కానీ అది మొదటి నెలలోపే రావాలి, మధ్యలో ఎక్కడో ఒకచోట మనిషి కనిపించాలి.

ఇక ఆ గడువు సంగతి. డెమొక్రాట్లలో ఓట్ల నిష్పత్తిని బట్టే డెలిగేట్లు. నీ మనిషి 100 మంది వెనకున్నాడనుకో. ఇంకా 1,000 మంది మిగిలి ఉంటే సగటున 55 శాతం పైన తెచ్చుకోవాలి. 500 మందే మిగిలితే 60 శాతం పైన. క్రికెట్లో కావాల్సిన రన్ రేట్ పెరిగినట్టే. అయితే 60 శాతం తెచ్చినా చాలదు, ఎలాగో చూడు. డెలిగేట్లలో ఎక్కువమందిని కాంగ్రెస్ జిల్లాల (మన లోక్‌సభ నియోజకవర్గాల్లాంటివి) వారీగా పంచుతారు. నలుగురు డెలిగేట్లున్న జిల్లాలో 60-40తో గెలిచావనుకో. నీ వాటా 2.4, అవతలివాడిది 1.6. పూర్ణాంకాలు ముందు పంచితే 2, 1. మిగిలిన ఒక్కటీ పెద్ద భిన్నం ఉన్నవాడికి, అంటే అవతలివాడికి. 2-2! ఇరవై శాతం తేడాతో గెలిచి ఒక్క డెలిగేట్ కూడా ముందుకు జరగలేదు. 3-1 కావాలంటే 62.5 శాతం దాటాలి. అదే అయిదుగురున్న జిల్లాలో 51 శాతానికే 3-2. డబ్బు తక్కువున్నవాడు బేసి సంఖ్య జిల్లాల్లో తిరగాలిరా, సరి సంఖ్య జిల్లాల్లో కాదు.

2008 డెమొక్రటిక్ పోటీలో హిల్లరీ క్లింటన్ దెబ్బతిన్నది ఈ లెక్కలోనే. ఫిబ్రవరి 5న, ఒకే రోజు, న్యూజెర్సీ ఆమె 59-48 డెలిగేట్లతో గెలిచింది, ఒబామా చిన్న ఐడహో కాకస్‌ను (ఓటర్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) 15-3తో గెలిచాడు. న్యూజెర్సీలో ఆమెకి 11 లాభం, ఐడహోలో ఆయనకి 12! ఆ ఫిబ్రవరి మిగతా అంతా ఒబామా వరసపెట్టి గెలిచాడు. మార్చి 4న ఆమె ఒహాయో, మీ టెక్సస్ ప్రైమరీ గెలిచింది. టెక్సస్‌లో ప్రైమరీతో పాటు కాకస్ కూడా పెట్టారప్పుడు, రెండూ కలిపితే డెలిగేట్లు ఒబామాకే ఎక్కువ, 99-94. జూన్ దాకా పోరాడింది పాపం, కానీ ఫిబ్రవరి చివరికే దారి మూసుకుపోయింది.

రిపబ్లికన్లలో గడువు కాస్త పొడుగు, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో గెలిచినవాడికే అన్నీ. 2008లో మెక్‌కెయిన్ 36 శాతంతో ఫ్లోరిడా మొత్తం పట్టుకుపోయాడు. అదే రూలు వెనకున్నవాడి పీకా నొక్కుతుంది. 2016లో ట్రంప్ సౌత్ కరోలినాలో 32.5 శాతం ఓట్లతో 50కి 50 డెలిగేట్లు తీసుకున్నాడు. ప్రత్యర్థులు రూబియో, క్రూజ్ చెరో 22 శాతం తెచ్చుకుని ఖాళీ చేతులతో మిగిలారు. వాళ్లలో ఒకరైనా అప్పుడే తప్పుకుని ఉండాల్సిందని నేనిప్పటికీ అంటాను.

కాగితాల పని కూడా చూడు. 2012 రిపబ్లికన్ పోటీలో గింగ్రిచ్ సౌత్ కరోలినా గెలిచి ఊపు మీదున్నాడు, కానీ తను నివాసముండే వర్జీనియాలోనే బ్యాలెట్‌పై ఆయన పేరు లేదు. 10,000 సంతకాలు, ఒక్కో కాంగ్రెస్ జిల్లాలో కనీసం 400 కావాలి. అది కుదరలేదు. అక్కడ బ్యాలెట్‌పై మిగతా పోటీదారుల్లో రోమ్నీ, రాన్ పాల్ ఇద్దరి పేర్లే ఉన్నాయి. చివరికి పార్టీ జాతీయ సభలో తేల్చుకుంటాంలే అనేవాళ్ల మాట నమ్మకు, మొదటి రౌండులో తేలని పార్టీ సభ 1952 తర్వాత జరగలేదు.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు. కానీ తొందరపడి ముందస్తు ఓటు వేయకు. 2020లో అక్కడ ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 28కే ముగిసింది, సౌత్ కరోలినా ఫలితం వచ్చింది 29న. బుటిజెజ్‌కీ క్లోబుచర్‌కీ ముందే వేసినవాళ్ల ఓట్లు వృథా అయ్యాయి. బరి ఇంకా సర్దుకోకపోతే అసలు పోలింగ్ రోజుదాకా ఆగి వెయ్యి. నీ మనిషి లెక్కలు ఎఫ్‌ఈసీ సైట్లో దించుకుని నాకు పంపు, మిగిలింది ఎన్ని వారాలకి వస్తుందో కూర్చుని చూద్దాం.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రమణ