వెయ్యి డాలర్లు దాటిన సామాను

చిన్నా,

నువ్వు నాన్నకి పంపిన 1099-కె ఫారం ఫొటో చూశాను. "అమ్మకి చూపించు, దీనికి టాక్స్ కట్టాలా, డాలస్ స్నేహితులకి రానిది నాకే ఎందుకొచ్చింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, ఆదివారం వీడియో కాల్ కూడా మానేశావు. ఆఫీసు పని ఎక్కువగా ఉందేమో. ఉందా? సరే, అడిగినదానికి వివరంగా రాస్తున్నాను. అన్నం తిని, తీరిగ్గా కూర్చుని చదువు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి బీపీ అదుపులోనే ఉంది. పొద్దున్నే నల్లకుంట మార్కెట్ దాకా నడిచి కూరలు తెస్తున్నారు. మేడ మీద వాటా ఖాళీ అయింది. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, సున్నాలు వేయించి ఉంచాం.

ముందు నీ టెన్షన్ తీరే మాట చెబుతాను. సొంతానికి కొనుక్కుని వాడుకున్న వస్తువుని కొన్న ధర కంటే తక్కువకి అమ్ముకుంటే అమెరికాలో కూడా టాక్స్ లేదు. 900 డాలర్ల సోఫాని 250కి అమ్మితే నీకు లాభమేమీ రాలేదు కదా. ఆ పోయిన 650ని మాత్రం జీతంలోంచి తగ్గించి చూపించుకోవడానికి కుదరదు. ఆ 1099-కె ఫారం టాక్స్ కట్టమని వచ్చిన నోటీసు కాదు. ఈ ఏడాదిలో ఇతనికి మా ద్వారా ఇంత డబ్బు చేరింది అని అమ్మకాల యాప్ వాళ్లు అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కీ నీకూ చెప్పిన సమాచారం, అంతే. అలాగని సొరుగులో పడేయకు. వాళ్ల దగ్గరున్న అంకెకీ నీ రిటర్నుకీ పొంతన కుదరకపోతే అప్పుడు నిజంగానే ఉత్తరం వస్తుంది.

అది నీకే ఎందుకొచ్చిందని రాశావు. ఆ దేశంలో ఈ ఫారానికి మొదట్నుంచీ ఉన్న హద్దు ఏడాదికి 20,000 డాలర్లు, పైగా 200కి మించి లావాదేవీలు. రెండూ దాటాలి. 2021లో చట్టం మార్చి దాన్ని 600 డాలర్లకి దించారు, కానీ అమలు చేయకుండా వాయిదా వేస్తూ వచ్చారు. 2024 సంవత్సరానికి 5,000 అన్నారు. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టంతో మళ్లీ పాత 20,000, 200 దగ్గరికే వెళ్లారు. అందుకే మీ డాలస్ స్నేహితులెవరికీ రాలేదు. నువ్వుండేది ఎడిసన్‌లో. న్యూజెర్సీ రాష్ట్రానికి సొంత హద్దు ఉంది, వెయ్యి డాలర్లు.

అంటే నాన్నా, పోయినేడాది నువ్వు అమ్మినవి వెయ్యి డాలర్లు దాటాయన్నమాట. ఒక్క సోఫాతో దాటదు. ఏమేమి అమ్మావు?

శంకరమఠం దగ్గర పద్మ పిన్ని కలిసింది. వాళ్ల కిరణ్ ఏదో యాప్‌లో మీ ఇంటి సామాను చూశాడట. డైనింగ్ టేబులూ, బుజ్జిదాని ఉయ్యాల మంచమూ, స్రవంతి కుట్టు మిషనూ. బుజ్జిదానికి మంచం చాలకుండా పోయుంటుంది, అది సరే. కుట్టు మిషను స్రవంతి ఎంత ముచ్చటపడి కొనుక్కుంది! ఇల్లు మారుతున్నట్టున్నారు అని పిన్నికి చెప్పేశాను. మారుతున్నారా?

ఒకటి జాగ్రత్తగా చూడు. క్రికెట్ గ్రౌండు అద్దెకి, పిక్నిక్ ఖర్చుకి స్నేహితులు నీకు డబ్బులు పంపుతుంటారు కదా. వాళ్లలో ఎవరైనా అది వస్తువు కొన్న డబ్బు అన్నట్టు నొక్కి పంపారేమో. స్నేహితుల మధ్య వాటాల డబ్బు ఆ ఫారంలోకి రాకూడదు. వస్తే యాప్ వాళ్లకి రాసి సరిచేయించాలి. అలాంటివి కలిసే వెయ్యి దాటి ఉంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఇంకో సంగతి, ఫారంలో పైన కనిపించేది మొత్తం అమ్మకం. యాప్ వాళ్ల కమిషనూ, పార్సిల్ ఖర్చూ తీసేయకముందు అంకె అది. నీ చేతికొచ్చింది అంతకంటే తక్కువే ఉంటుంది, కంగారుపడకు. కింద నెలవారీగా పన్నెండు గడులుంటాయి. నువ్వు పంపిన ఫొటోలో సరిగ్గా ఆ భాగమే తెగిపోయింది. ఏ నెలలో మొదలైందో అందులో తెలుస్తుంది. అది పంపు.

నేను పనిచేసిన ఆడిటర్‌గారి ఆఫీసుకి బర్కత్‌పురా నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేవారు, నీకు పిప్పరమెంట్లు ఇచ్చేవారు, గుర్తుందా? భర్త పోయాక కొడుకు ఆవిడని పుణె తీసుకెళ్లిపోయాడు. వెళ్లేముందు ఇంట్లో సామానంతా అమ్మేశారు. టేకు మంచాలు, బీరువా, ఆల్విన్ ఫ్రిజ్, గ్రైండర్, అన్నీ. వచ్చిన డబ్బంతా ఒక్కసారిగా ఖాతాలో పడేసరికి ఇదెక్కడిదని అడుగుతూ ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల కాగితం వచ్చింది. ఆవిడ బిస్కెట్ల డబ్బా నిండా బిల్లులు పట్టుకొచ్చి నా బల్ల మీద కుమ్మరించారు. ఫ్రిజ్ బిల్లు కార్బన్ కాపీ, ఊదా అక్షరాలు వెలిసిపోయాయి. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని, వెనకవైపు పెన్ను అదిమిన గుర్తులు వేలితో తడిమి అంకె చదివాను. మన చట్టంలో వాడుకున్న బట్టలు, ఫర్నిచరు లాంటి సొంత వస్తువులు, అమ్మితే లాభం మీద పన్ను పడే మూలధన ఆస్తి కిందికి రావు, కాబట్టి వాటి వరకూ ఇబ్బంది లేదు. చిక్కంతా ఆవిడ భర్త గోడకి తగిలించుకున్న ఒక చిత్రంతో వచ్చింది. ఎప్పుడో 3,000కి కొన్నది 80,000కి పోయింది. నగలు చాలా ఏళ్లుగా ఆ మినహాయింపులో లేవు, 2007 బడ్జెట్‌తో చిత్రాలు, శిల్పాలూ కూడా బయటికి వెళ్లాయి. "ఆయన ముచ్చటపడి కొన్నదమ్మా, వ్యాపారానికా?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మంచాల మీద, ఫ్రిజ్ మీద పోయింది ఇందులో తగ్గించమని పెద్ద జాబితా రాసుకొచ్చారు. అలా కుదరదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆడిటర్‌గారే చెప్పారు. కొన్న ధర రుజువైతేనే పన్ను కాస్త తగ్గుతుంది, ఆ చీటీయేమో ఫ్రేము వెనక అంటించి ఉంది, ఫ్రేము కొన్నాయనతో వెళ్లిపోయింది. నేనూ ఆవిడా ఆటోలో బంజారాహిల్స్ వెళ్లాం. ఆయన మంచివాడు, మేకు మీంచి దింపి, తిప్పి చూపించాడు. చీటీ అలాగే ఉంది. ఫొటో తీసుకుని వచ్చాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అమెరికాలోనూ ఏ వస్తువు లెక్క దానిదే. సోఫా మీద పోయింది వేరే వస్తువు మీద వచ్చిన లాభంలో తగ్గదు. నష్టానికి అమ్మినవాటి మొత్తాన్ని రిటర్నుతో జతచేసే షెడ్యూల్ 1 పైభాగంలో అందుకోసమే పెట్టిన గడిలో వేస్తే సరిపోతుంది. లాభానికి అమ్మినవి ఫారం 8949లో, షెడ్యూల్ డిలో చూపించాలి, ఫారం వచ్చినా రాకపోయినా.

కిరణ్ చూసిన ఫొటోలో టేబుల్ వెనక తాతయ్య మర్ఫీ రేడియో కనిపించిందట. పాత రేడియోలకి అక్కడ మంచి ధర పలుకుతుందట. తాతయ్య పోయాక నీకు దక్కింది కాబట్టి, ఆయన పోయిన రోజున దానికి ఎంత విలువ ఉందో అదే నీకు కొన్న ధర కింద లెక్క. దాన్ని అమ్మొద్దు నాన్నా. అమ్మి ఉంటే ఉన్నావు, నేనేమీ అనను, ఆ ధరకి కాగితం మాత్రం సంపాదించుకో.

బిల్లులు ఈమెయిల్‌లో వెతికి ఒక్కచోట పెట్టు. షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లులు ఏడాదిలో తెల్లబడిపోతాయి, ఇవాళే ఫొటోలు తీయి. ప్రకటన పెట్టినప్పటి ఫొటోలూ, కొన్నవాళ్ల మెసేజ్‌లూ చెరిపేయకు. అడగ్గానే తక్కువకి ఇచ్చేయకు. తెలియనివాళ్లని స్రవంతి ఒక్కతే ఉన్నప్పుడు ఇంటికి రానివ్వకు. అప్పు తీర్చడానికి ఇంట్లో వస్తువు అమ్మే అవసరం మన ఇంట్లో ఎవరికీ రాకూడదని తాతయ్య అనేవారు, ఎంత కష్టమొచ్చినా ముందు ఇంట్లోవాళ్లకి చెప్పుకోవాలి. ఏప్రిల్ 15 దాకా ఆగకు, ముందే దాఖలు చేసెయ్.

టీవీలో రోజూ లేఆఫ్‌ల వార్తలే. హెచ్1బి వీసా వాళ్లకి ఉద్యోగం పోతే గట్టిగా 60 రోజులే గడువట కదా. నాన్న ఆ వార్త రాగానే ఛానెల్ మార్చేస్తారు. నీకు ఉద్యోగం ఉందా చిన్నా? నాన్నకి చెప్పడం ఇబ్బందైతే నాకు చెప్పు. నా రిటైర్‌మెంట్ డబ్బు ఎఫ్‌డీ అలాగే ఉంది, ఈ వయసులో దాంతో మాకేం పని? మేడ మీద వాటా ఎవరికీ ఇవ్వొద్దని నేనే చెప్పాను.

రమణ వాళ్లబ్బాయి 20న నెవార్క్‌లో దిగుతున్నాడు. రెండు కిలోలే తెస్తానన్నాడు. కరివేపాకు పొడి, గోంగూర, కాసిని సున్నుండలు సర్దాను. బుజ్జిదాని లంగా ఇక్కడే కుట్టించి పంపుతాను, నడుమూ పొడవూ కొలిచి స్రవంతిని మెసేజ్ పెట్టమను. ఫారం మొత్తం కనిపించేలా, పన్నెండు గడులతో సహా, ఈ రాత్రే ఫొటో తీసి పంపు. మాకు తెల్లవారుజామైనా ఫర్లేదు, ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
అమ్మ